దారం ఎవరిది? — చదరపు అల్లిక చరిత్ర

మన చరిత్రలో మగ్గానికి చోటున్నది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో నేతగాని బతుకు ఎట్లా తెగిపోయిందో బడిపిల్లలకు కూడ పాఠ్యపుస్తకం చెబుతున్నది. రాట్నం సంగతి చెప్పనే అక్కరలేదు. అది ఒక మహోద్యమానికి గుర్తుగా జెండా ఎక్కింది. కాని జానెడు పొడవైనా వుండని కొక్కెం సూదికీ, ఆ సూదితో ఆడవాళ్ళు గడప దగ్గర కూర్చుని చేసే అల్లికకూ ఒక చరిత్ర వున్నదంటే మన మేధావులు కొందరు నవ్వుతారు. అభ్యుదయవాదులమని చెప్పుకునేవారిలో సైతం ఈ నవ్వు వున్నది. తీరికగల ఇళ్ళ ఆడవాళ్ళ కాలక్షేపం కదా అని వారి తీర్పు. ఈ తీర్పు ఎక్కడినుంచి వచ్చింది, దీనివల్ల ఎవరికి లాభం కలిగింది అన్నదే నేను ఇక్కడ పరిశీలించదలచిన విషయం.

అందుకు పెద్ద వస్తువేదీ ఎన్నుకోలేదు. క్రోషే అల్లికలో కొత్తగా సూది పట్టినవారు మొట్టమొదట నేర్చుకునే చదరపు ముక్కను ఎన్నుకున్నాను. ఇంగ్లీషువాళ్ళు దీన్ని గ్రానీ స్క్వేర్ అంటారు. మన మాటలో చెప్పాలంటే అవ్వ చదరం. జహీరాబాదులో ఊలు అమ్మేవారిని అడిగితే ఈ పని పేరు క్రోషియా అంటారు. ఉర్దూలోనుంచి మనకు చేరిన ఆ మాటకు మూలం ఫ్రెంచి. ఆ భాషలో క్రోషే అంటే చిన్న కొక్కెం.

ఈ మధ్య మా వీధిలో నలుగురైదుగురు ఆడపిల్లలు ఫోనులో చూసి ఈ చదరం నేర్చుకుంటున్నారు. వాళ్ళతోపాటు నేనూ సూది పట్టాను. ఒక పని చరిత్ర రాయబూనినవారికి ఆ పని చేతికి తెలిసి వుండటం మంచిదని నా అభిప్రాయం.

పని ఇట్లా సాగుతుంది. ముందు నాలుగు గొలుసు కుట్లు వేసి, కొసను మొదటి కుట్టుతో కలిపి చిన్న వలయం చెయ్యాలి. మూడు గొలుసు కుట్లు పైకి లేపితే అది ఒక పొడుగు కుట్టు కింద లెక్క. సూదికి దారం చుట్టి, వలయంలోకి దూర్చి, దారం పైకి లాగి, సూదిమీది ఉచ్చులను రెండేసి చొప్పున రెండుసార్లు జార్చితే మరొక పొడుగు కుట్టు. అట్లాంటిదే ఇంకొకటి. మూడూ కలిస్తే ఒక గుత్తి. మూలకోసం రెండు గొలుసులు విడిచి మళ్ళీ ఒక గుత్తి. నాలుగు గుత్తులు, నాలుగు మూలలు అయితే మొదటి వరస ముగిసినట్టు. రెండో వరసలో ప్రతి మూలలోనూ రెండేసి గుత్తులు, వాటి నడుమ రెండు గొలుసులు. మూడో వరసనుంచి మూలల్లో రెండేసితోపాటు పక్కసందుల్లో ఒక్కొక్క గుత్తి పెరుగుతూ పోతుంది. మూల విడవటం మరచిన చదరం గుండ్రం తిరుగుతుంది. దారం మరీ బిగలాగితే దొప్పలాగ లేచి నిలబడుతుంది. ఇంతకు మించి ఇందులో రహస్యమేమీ లేదు.

కాని లెక్క వున్నది. మొదటి వరసలో గుత్తులు 4, రెండో దానిలో 8, మూడో దానిలో 12, నాలుగో దానిలో 16. నాలుగు వరసల చదరానికి మొత్తం 40 గుత్తులు, అంటే 120 పొడుగు కుట్లు. నూరు చదరాలు కలిపి ఒక చిన్న దుప్పటి చేశామనుకుందాం. అందులో 12,000 పొడుగు కుట్లుంటాయి. మూలల గొలుసులూ, అతుకులూ, దారపు కొసలు లోపలికి దాచటమూ ఈ లెక్కలో చేరలేదు. ప్రతి కుట్టూ మనిషి చెయ్యి వేసినదే. ఈ మాట గట్టిగా చెప్పవలసి వున్నది. మేజోళ్ళు అల్లే యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ 1589లోనే కనిపెట్టాడు. 19వ శతాబ్దం మొదట్లో లేసు యంత్రాలూ వచ్చినవి. క్రోషే కుట్టును కార్ఖానా స్థాయిలో వేసే యంత్రం మాత్రం నేటికీ లేదు. యంత్రపు లేసు క్రోషేను అనుకరిస్తుందే తప్ప అల్లదు. అంచేత లండనులో అమ్మినా, హైదరాబాదు బేగంబజారులో అమ్మినా, నిజమైన క్రోషే చదరం చవకగా దొరికిందంటే ఎవరిదో శ్రమ చవకగా అమ్ముడుపోయిందన్న మాట.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల నమాజు టోపీలు అల్లే ఒక ఖాలా వున్నది. రోజుకు ఎన్ని గంటల పని చేస్తావు ఖాలా అని అడిగితే నవ్వింది. "ఇది పనా టీచరమ్మా? వంటయినంక ఊకెనే కూసున్నప్పుడు జేస్త, గంతే" అన్నది. ఆమె ఒడిలోని టోపీ ఒక దుకాణదారు ఇచ్చిన దారంతో, అతడు చెప్పిన కొలతకు, అతడు కట్టిన ధరకు తయారవుతున్నది. అయినా అది పని కాదట! ఈ మాట ఆమె సొంతంగా కల్పించినది కాదు. దీని వెనక నూటయాభై ఏళ్ళకు పైబడిన ప్రపంచ చరిత్ర వున్నది.

క్రోషే బహుప్రాచీనమైన కళ అని కొందరు రాస్తుంటారు. దానికి ఋజువులు చాలవు. ఇప్పుడు మన జాకెట్లమీద మగ్గం వర్కు చేసేవారు వాడే ఆరీ సూది వంటి కొక్కెం 18వ శతాబ్దంలో ఆసియానుంచి యూరపుకు వెళ్ళిందనీ, అక్కడ చట్రంమీద బిగించిన బట్టపై గొలుసు కుట్టు వేయటం ప్రబలిందనీ, తరవాత బట్ట తీసివేసి ఉత్త దారాన్నే అల్లటం నేర్చారనీ ఒక వాదం వున్నది. విని సంతోషించటానికి బాగానే వుంటుంది గాని, మన ఘనతను చాటుకోవటానికి ఇది చాలిన ఆధారం కాదు. ఎట్లా పుట్టినా, 19వ శతాబ్దం మధ్యకు ఇది యూరపులో గొప్ప వ్యాపారమైంది. ఆ వ్యాపారానికి పుట్టిల్లు మాత్రం తీరికగల ఇల్లు కాదు; కరువు పట్టిన ఇల్లు.

1845లో ఐర్లండులో బంగాళాదుంపకు తెగులు పట్టింది. కౌలురైతు కుటుంబాలకు అదే అన్నం. ఆ తెగులుతో మొదలైన కరువు ఏడేళ్ళు సాగి సుమారు పది లక్షల మందిని పొట్టన పెట్టుకున్నది. అంతకు తక్కువ కాని సంఖ్యలో జనం సముద్రాలు దాటి పోయారు. తమ గింజలు ఓడలెక్కి ఇంగ్లండుకు పోతుంటే రేవుల్లో జనం ఆకలితో చూస్తూ నిలబడిన రోజులవి. అప్పుడు కార్కు పట్టణం దగ్గర బ్లాక్‌రాకులోని క్రైస్తవ సన్యాసినులు, మోనహాన్ జిల్లా క్లోన్స్‌లో కసాండ్రా హాండ్ అనే మతగురువు భార్య, పేద స్త్రీలకూ పిల్లలకూ క్రోషే నేర్పారు. వెనిసు నగరపు ఖరీదైన సూదిలేసును పోలిన పనిని కొక్కెం సూదితో తక్కువ కాలంలో చెయ్యవచ్చునని తెలిసిపోయింది. ఆ లేసుకు లండనులోనూ పారిసులోనూ గిరాకీ కలిగింది.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఐరిష్ లేసును ఒక మనిషి మొదటినుంచి చివరిదాకా అల్లదు. ఒక ఇంట్లో గులాబీ అల్లుతారు, మరొక ఇంట్లో ఆకు, ఇంకొక ఇంట్లో ద్రాక్షగుత్తి. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క పువ్వు ప్రత్యేకం. ఈ ముక్కలన్నిటినీ ఒకచోట చేర్చి వలలాంటి అల్లికతో అతికేవారు వేరే. ఆడమ్ స్మిత్ గుండుసూదుల కార్ఖానాలో చూచిన శ్రమవిభజన ఇక్కడ కార్ఖానా లేకుండానే, పూరికప్పుల కింద, ఒకరి మొగం ఒకరు చూడనక్కరలేకుండా జరిగిపోయింది. ముక్క చిన్నది, ఒడిలో ఇముడుతుంది, పొయ్యిమీద కుండ పొంగితే పక్కన పెట్టి లేవవచ్చు, పిల్ల ఏడిస్తే మధ్యలో ఆపవచ్చు. ఏ గుణాలవల్ల ఇది ఇంటి ఆడదానికి అనువైన పని అయిందో, ఆ గుణాలవల్లనే దళారికీ అనువైనది.

అవ్వ చదరం పుట్టుక దీనికి కొంత భిన్నం. అచ్చులో మనకు తెలిసినంతలో దీని మొదటి నమూనా అమెరికాలో షికాగోనుంచి వెలువడే ప్రెయిరీ ఫార్మర్ అనే వ్యవసాయ పత్రికలో 1885 ఏప్రిల్‌లో కనిపిస్తుంది. అది రైతు కుటుంబాలు చదువుకునే పత్రిక. మిగిలిన ఊలు తుంటలు పారెయ్యకుండా ఒక్కొక్క వరసకు ఒక్కొక్క రంగు చొప్పున అల్లి, ముక్కలన్నీ కలిపి చలికి కప్పుకునే దుప్పటి చేసుకోవటం అందులోని ఉద్దేశం. మన పల్లెల్లో పాతచీరల ముక్కలతో బొంత కుట్టుకోవటం వంటిదే. బొంతలో సూది బట్టలోనుంచి పోతుంది, చదరంలో దారంలోనుంచి పోతుంది, అంతే తేడా. అవ్వ తన ఇంటి దారంతో, తన మనుమలు కప్పుకునేందుకు అల్లినది గనుక దాన్ని అవ్వ చదరమంటే అభ్యంతరం లేదు. అది ఉపయోగపు విలువ కోసం చేసిన వస్తువు. బజారుకు పోయేది కాదు.

కాని కుట్టు అదే, సూది అదే, కూర్చునే అరుగు అదే. దారం ఒక్కటే మారుతుంది. ఇంటి దారం పోయి షావుకారు దారం వచ్చినప్పుడు, అవ్వ కూలిమనిషి అవుతుంది. విచిత్రమేమంటే పేరు మాత్రం మారదు. అవ్వ అవ్వగానే వుంటుంది. పని కాలక్షేపంగానే వుంటుంది.

ఇంగ్లండులో చేతిలేసు పరిశ్రమను గురించి మార్క్సు 1867లో వెలువడిన కాపిటల్ మొదటి సంపుటంలో రాసిన పేజీలను మన విద్యార్థులు సాధారణంగా దాటి పోతుంటారు. యంత్రాల అధ్యాయం పెద్దది, అందులో ఇంటిపరిశ్రమల భాగం వెనక ఎక్కడో వుంటుంది. ఆనాటి లేసుపనిలో 1,50,000 మంది వుండగా 1861 నాటి ఫ్యాక్టరీ చట్టం కిందకు వచ్చేవారు సుమారు 10,000 మంది మాత్రమే. మిగిలినవారు దాదాపు అందరూ స్త్రీలు, యువజనం, పిల్లలు. ఆరో ఏట పిల్లను పనిలో పెట్టటం మామూలు, అయిదేళ్ళు నిండకముందే పెట్టటమూ వున్నది. నాటింగ్‌హాములో ధర్మవైద్యశాల వైద్యుడు ట్రూమన్ అనే ఆయన తన దగ్గరికి వచ్చిన లేసు కార్మికురాళ్ళ లెక్క రాసిపెట్టాడు. 1852లో 45 మందికి ఒకరికి క్షయ. 1861కి 8 మందికి ఒకరికి. వాళ్ళలో ఎక్కువమంది 17కూ 24కూ మధ్య వయసువారు. ఇది కాలక్షేపం చేసిన పని!

మార్క్సు ఆ ఇంటిపరిశ్రమను పాతకాలపు కుటీరపరిశ్రమకు కొనసాగింపు అనుకోలేదు. అది పెద్ద పరిశ్రమకు బయటి శాఖగా మారిందన్నాడు. మన చర్చలకు ఈ మాట చాలా అవసరం. గ్రామాల్లో ఇంట కూర్చుని పనిచేసే స్త్రీని చూడగానే ఫ్యూడల్ అవశేషం అని చీటీ అంటించటం మనకు అలవాటైపోయింది. అయితే ఇంటిపరిశ్రమ యంత్రాలచేతా ఫ్యాక్టరీ చట్టాలచేతా తరిమివేయబడి పెద్ద పరిశ్రమలో లీనమవుతుందని కూడ ఆయన ఎదురుచూశాడు. క్రోషే విషయంలో ఆ రెండూ జరగలేదు. ఆ కుట్టుకు యంత్రం రాలేదు. యంత్రం లేదు గనుక ఫ్యాక్టరీ లేదు, ఫ్యాక్టరీ లేదు గనుక చట్టం లేదు. ఈ సంగతికి తిరుగులేని సాక్ష్యం మన గోదావరి డెల్టాలో వున్నది.

నరసాపురం అనగానే మా జిల్లాలవాళ్ళకు మెదక్ జిల్లాలో అడవిపక్కనున్న నర్సాపూర్ గుర్తుకు వస్తుంది. నేను చెప్పేది జహీరాబాదుకు దాదాపు 500 కిలోమీటర్ల దూరాన, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో వున్న నరసాపురాన్ని. ఆ ఊరిని ఆనుకుని మాధవాయపాలెం వున్నది. ఈస్టిండియా కంపెనీవారు 17వ శతాబ్దంలోనే అక్కడ తమ వర్తకపు కొఠీ పెట్టారు. నోరు తిరగక దాన్ని మడపోలం అన్నారు. అక్కడి నేతగాళ్ళు నేసిన మెత్తని తెల్లని నూలుబట్టకు యూరపు బజార్లలో ఆ ఊరిపేరే పేరయింది. తరవాత కథ మనకు తెలిసినదే. మాంచెస్టరు మరమగ్గాలు వచ్చినవి. చివరకు మడపోలం అనే బట్టను కూడ లాంకషైరులోనే నేసి ఎగుమతి చెయ్యసాగారు. ఊరిపేరు సముద్రం దాటి పోయి అక్కడే స్థిరపడింది. ఊళ్ళోని మగ్గం ఆగిపోయింది.

1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు నరసాపురం ప్రాంతానికి వచ్చి గోదావరి డెల్టా మిషనుకు పునాది వేశారు. అది డొక్కల కరువు గడిచి మూడు నాలుగేళ్ళయిన సమయం. కాటన్ ఆనకట్ట ఇంకా కట్టలేదు. అది 1852కు గాని పూర్తికాలేదు. క్రైస్తవంలో కలిసినవారు ఎక్కువమంది మాల మాదిగ కుటుంబాలవాళ్ళు. ఆ శతాబ్దంలో గోదావరి ప్రాంతపు మిషనరీ కుటుంబాల స్త్రీలు వీరి ఆడవాళ్ళకు లేసు అల్లటం నేర్పారు. అల్లిన లేసును తమ దేశంలోని స్నేహితులకు పంపి అమ్మించి ఆ డబ్బు ఇక్కడ ఇచ్చేవారు. ఐర్లండు కరువులో పనికివచ్చిన ఉపాయం ఇక్కడా పనికివచ్చింది. మిషనరీ స్త్రీల దయను నేను శంకించను. ఆకలితో వున్న ఇంట్లో నాలుగు అణాలు వస్తే అవి నాలుగు అణాలే. కాని దయ వేసిన బాటమీద వెనకనే వర్తకం నడిచి వచ్చింది. 20వ శతాబ్దం మొదటికి లేసు ఎగుమతి వ్యాపారమయింది. మొదట క్రైస్తవ కుటుంబాలవారు వర్తకులైనారు. క్రమంగా అల్లిక కాపు, అగ్నికులక్షత్రియ కుటుంబాల పేద స్త్రీలకు కూడ వ్యాపించింది. వ్యాపారం మాత్రం ఎక్కువగా మగవారి చేతిలో మిగిలింది.

మాధవాయపాలెపు నేతగాడు నూలు తెచ్చుకుని బట్ట నేసి కంపెనీకి అమ్మాడు. బయానా పేరుతో కంపెనీ అతని మెడకు తాడు వేసినా, మగ్గం అతనిది. నరసాపురం లేసుమనిషికి సొంతమైనది ఒక్క సూదే. దారం షావుకారుది. ఏజెంటు దారం తూచి ఇచ్చి, లేసు తూచి తీసుకుంటాడు. మిగిలిన దారం తిరిగి అప్పజెప్పాలి. ఐర్లండులోలాగే ఇక్కడా పని ముక్కలుగా విడిపోయింది. పువ్వులు అల్లటం చేతిపని. పువ్వులన్నిటినీ కలిపి బల్లగుడ్డో దుప్పటో చెయ్యటం అతుకుపని. పువ్వు అల్లినామె ఆ దుప్పటిని చూడదు. అది ఏ దేశం పోతుందో, అక్కడ ఎంతకు అమ్ముతారో ఆమెకు తెలియదు.

జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1970ల చివర ఈ ప్రాంతంలో పరిశోధన చేసి రాసిన పుస్తకం 1982లో లండనులో అచ్చయింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన అధ్యయనమది. నరసాపురం లేసుమనుషుల పేరునే పుస్తకానికి పెట్టిందామె. 2023లో ఆమె చనిపోయినప్పుడు మన పత్రికలు రాసిన నాలుగు వాక్యాలు ఆ పుస్తకానికి న్యాయం చేయలేదు. ఆమె అంచనా ప్రకారం అప్పట్లో లేసు అల్లే స్త్రీలు లక్షకు పైన వున్నారు. రాష్ట్రంనుంచి ఎగుమతయ్యే హస్తకళావస్తువుల విలువలో అధికభాగం ఈ లేసుదే. రోజుకు ఆరునుంచి ఎనిమిది గంటలు అల్లితే సగటున చేతికి వచ్చేది అర్ధరూపాయి చిల్లర. పొలంలో కూలి చేసే స్త్రీకి వచ్చేదానికంటె ఇది బాగా తక్కువ.

మరి పొలానికి పోరాదా? పోరాదు. ఇక్కడే ఈ కథలోని అసలు ముడి వున్నది. కాపు ఇంటి ఆడది పొలంలో కూలికి దిగితే ఇంటి పరువు పోతుంది. ఘోషాలో వుండి ఇంటిలో కూర్చున్నది గనుక ఆమె హరిజన స్త్రీకంటె పెద్దది. ఆ పెద్దరికానికి ఆమె ప్రతిరోజూ కొంత కూలి చెల్లిస్తున్నది. ఆ చెల్లింపు ఎవరి ఖాతాలో జమ పడుతున్నదో వేరే చెప్పాలా? ఆకుమడిలో వంగిన స్త్రీని కులం కిందకు తొక్కింది. గడప లోపలి స్త్రీని కులం పైకెత్తి మరీ చవకగా అమ్మింది. కులాన్నీ వర్గాన్నీ వేరువేరు అరల్లో పెట్టి వ్యాసాలు రాసే మిత్రులు ఈ లెక్కను ఒకసారి చేసి చూడాలని కోరుతున్నాను.

ఈ స్త్రీలు గృహిణులు, వీరు చేసేది తీరిక సమయంలో చేసే పని అన్నది వర్తకుల వాదన. జనాభా లెక్కలవారూ అదే రాసుకున్నారు. ఎనిమిది గంటల తీరిక! దానిమీద వంట, నీళ్ళు, పిల్లలు. గృహిణి అన్న మాట వున్న స్థితిని వర్ణించేది కాదు, కూలిని తగ్గించే సాధనం అని మీస్ చేసిన నిర్ధారణ. మీస్ వాదంలో కొన్ని భాగాలతో నాకు పేచీ వున్నది. ఒక ఊరి అనుభవాన్ని మొత్తం ప్రపంచ పెట్టుబడికి నమూనాగా చాచటం ఎక్కువని నా భావన. కాని పెట్టుబడి కార్మికులను ఎప్పుడూ ఒకచోటికే చేర్చదు, లాభమనుకుంటే గోడల మధ్య విడివిడిగా వుంచి కూడ పని చేయించుకుంటుందని ఆమె చూపించిన సత్యం కాదనరానిది. కార్ఖానా గేటు దగ్గర కరపత్రం పంచవచ్చు. లక్ష గడపల దగ్గర ఎవరు పంచుతారు?

ఆ పుస్తకం తరవాతి కథను త్వరగా చెప్పవచ్చు. చైనానుంచి వచ్చిన యంత్రపు లేసు పోటీ ఎగుమతులను దెబ్బ తీసింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషించవలసినదే, మడపోలం విషయంలోలాగ పేరు దొంగిలించుకుపోకుండా ఇది కొంత అడ్డుపడుతుంది. పేరుకు రక్షణ దొరికింది. కూలిని గురించి ఆ చట్టంలో ఒక్క ముక్క లేదు.

చట్టాల సంగతి వచ్చింది గనుక ఒక ఉదంతం. 1972లో అహమదాబాదులో ఇలా భట్ స్వయం ఉపాధి స్త్రీల సంఘాన్ని కార్మిక సంఘంగా నమోదు చేయించబోతే, మీకు యజమాని ఎవరూ లేరు గనుక మీది కార్మిక సంఘం ఎట్లా అవుతుందని కార్మికశాఖ అడ్డు చెప్పింది. యజమాని కనపడకపోవటమే ఈ పద్ధతిలోని నేర్పు అని ఆ శాఖకు తోచలేదు. చివరకు నమోదయింది. ఆ సంఘంవంటి వాటి పోరాటం ఫలితంగా 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి ఒడంబడికను, 177వ నంబరుది, ఆమోదించింది. ఇంట పనిచేసే కూలికి ఇతర కూలీలతో సమానమైన హక్కులుండాలని దాని సారం. భారతదేశం దానికి ఆమోదముద్ర వేయలేదు. 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టంలో ఇంటివద్ద పనిచేసే కార్మికులెవరో నిర్వచనం మాత్రం వచ్చింది.

జహీరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో మరొక రకమైన చరిత్ర వున్నది. 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యాన దళిత స్త్రీలు ఊరూరా సంగాలు పెట్టుకున్నారు. వాళ్ళు ఎర్రనేలల్లో జొన్న, కొర్ర, సామలు పండించి, విత్తనం ఇంట్లోనే బూడిద కలిపి దాచుకున్నారు. 2008లో మాచనూరులో తమ సొంత రేడియో పెట్టుకున్నారు. స్వచ్ఛంద సంస్థల రాజకీయాలపట్ల మనకు వుండే సందేహాలు నాకూ వున్నవి. అయినా విత్తనం ఎవరిది అనే ప్రశ్నను ఇక్కడి నిరక్షరాస్యులైన స్త్రీలు మన కంటె ముందే అడిగారు. విత్తనం కంపెనీదైతే పంటలో తమకు మిగిలేదేమిటో వాళ్ళకు తెలుసు. గోదావరి తీరాన దారం ఎవరిది అన్న ప్రశ్న అట్లా బహిరంగంగా లేవలేదు. నేల సారంలోనో, ఆడవాళ్ళ చైతన్యంలోనో దీనికి కారణం వెతకనక్కరలేదు. సంగం స్త్రీలు పొలంలో కలుస్తారు, రాత్రి ఒకచోట కూర్చుంటారు. లేసు అల్లే స్త్రీకి పక్కింటామె పోటీదారు; ఏజెంటు ఎవరికి దారం ముందు ఇస్తాడన్నదే ఇద్దరికీ బాధ.

మా వీధి పిల్లల దగ్గరకు కూడ దారం రానే వచ్చింది. మొన్న హైదరాబాదునుంచి ఒక వ్యాపారి మనిషి వచ్చి, చదరాలు ఇప్పుడు విదేశాల్లో మళ్ళీ మోజు మీద వున్నాయనీ, ఊలు తామే ఇస్తామనీ, చదరానికి 12 రూపాయలనీ చెప్పిపోయాడు. పిల్లలు గడియారం పెట్టుకుని అల్లారు. కొత్త చేతికి ముప్పావుగంట, అంటే గంటకు 16 రూపాయలు. చెయ్యి తిరిగి ఇరవై నిమిషాలకు దిగితే గంటకు 36. అప్పటికి ధర 12 గానే వుంటుందా అని ఒక పిల్ల అడిగింది. ఊలు మనమే కొనుక్కుని దుప్పట్లు మనమే అతికి అమ్మితే ఎంత పెట్టుబడి కావాలని మరొకతె లెక్క వేస్తున్నది. ఖాలా ఆ లెక్కను శ్రద్ధగా వింటున్నది. వ్యాపారి మనిషి మాత్రం ఒక సంగతి ముందే స్పష్టం చేసి వెళ్ళాడు: ముక్కలు ఇస్తే చాలు, అతుకుపని వేరేచోట జరుగుతుంది.